బజారు దాకా నడిచి వెళ్ళాలంటే: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

అరవై దాటిన వాళ్ళకు మీ ఊరి నడిబొడ్డున నడక ఎలా ఉందని పోయిన సంచికలో అడిగాను. వచ్చిన ఉత్తరాలు ఒక్క గుక్కలో చదవలేకపోయాను. మున్సిపాలిటీలో పట్టణ ప్రణాళిక విభాగంలో పనిచేసి రిటైరైనదాన్ని కాబట్టి కాగితం మీద రోడ్డు ఎలా గీస్తారో నాకు తెలుసు. ఆ గీత మీద నడిచే కాళ్ళు ఏమంటాయో ఈ ఉత్తరాల్లో ఉంది. అన్నిటికీ చోటు చాలదు. పేరు వేయవద్దన్నవాళ్ళే ఎక్కువ కనుక ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: గవర్నరుపేటలోనే పుట్టి పెరిగాను. వయసు 74. లెక్కల మాస్టారుగా రిటైరయ్యాను. సాయంత్రం బీసెంట్ రోడ్డు మీదుగా ఏలూరు రోడ్డుకు చేరి, లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కొట్లు చూసుకుని తిరిగి రావడం ఎన్నో ఏళ్ళ అలవాటు. ఈ మధ్య ఫుట్‌పాత్ ఉన్నచోట కూడా రోడ్డు మీదే నడుస్తున్నాను. ఎందుకో నాకే అర్థం కావడం లేదు. "ఈ వయసులో ఆ రద్దీలోకి ఎందుకు నాన్నా, ఏం కావాలన్నా ఫోనులో తెప్పిస్తాం" అంటున్నారు పిల్లలు. నాది మొండితనమా?
— ఒక మాస్టారు, విజయవాడ

జవాబు: మొండితనం కాదు మాస్టారూ. ముందు ఆ మాట మనసులోంచి తీసేయండి.

ఫుట్‌పాత్ ఉండగా ఈ పెద్దాయన రోడ్డు మీద ఎందుకు నడుస్తున్నాడని బండి మీద వెళ్ళేవాళ్ళు విసుక్కుంటారు. ఆ విసుక్కునేవాళ్ళు ఒక్కసారి ఆ ఫుట్‌పాత్ ఎక్కి చూడాలి. ఒక కొట్టు తన గుమ్మానికి సరిపోయేలా ఎత్తు పెంచుకుంటుంది. పక్క కొట్టు స్కూటర్లు ఎక్కించడానికి ఏటవాలుగా సిమెంటు పోసుకుంటుంది. ఆ తరువాత మురుగుకాలువ మీద పలక ఒకటి మూల లేచి ఉంటుంది. అది దాటితే వరసగా నిలబెట్టిన బండ్లు, వాటి హ్యాండిళ్ళ మధ్య మనిషి పక్కకు తిరిగితే తప్ప పట్టని సందు. చివర రోడ్డు మీదికి అడుగున్నర లోతు దిగుడు. పాతికేళ్ళ కుర్రాడు ఇవేవీ గమనించకుండానే దాటేస్తాడు. అరిగిన మోకాలికి మాత్రం ఎక్కడం కంటే దిగడమే బాధ. నూరు గజాల్లో పదిసార్లు ఎక్కి దిగే కంటే చదునైన తారురోడ్డు అంచున నడవడమే మేలని మీకు తెలియకుండానే మీ కాళ్ళు తేల్చుకున్నాయి. అది ప్రమాదమే. అయితే మిమ్మల్ని ఆ ప్రమాదంలోకి దింపింది ఫుట్‌పాత్ కట్టిన తీరు, దాన్ని పట్టించుకోని తీరు.

ఇలా కట్టమని ఎవరూ చెప్పలేదు. రోడ్లు ఎలా కట్టాలో ప్రమాణాలు చెప్పే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో పాదచారుల కోసం విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం ఫుట్‌పాత్ మీద ఏ అడ్డూ లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు, 2.2 మీటర్ల ఎత్తు ఖాళీగా ఉండాలి. అంటే ఆరడుగుల వెడల్పు, తలపైన ఫ్లెక్సీలూ కొట్ల బోర్డులూ తగలనంత ఎత్తు. రోడ్డు నుంచి ఫుట్‌పాత్ 15 సెంటీమీటర్లకు మించి పైకి లేవకూడదు. ఆరంగుళాలన్న మాట. మీ వీధిలో ఆరంగుళాలతో ఆగిన ఫుట్‌పాత్ ఎంత దూరం ఉందో మీరే కొలిచి చూడండి.

మీరు లెక్కల మాస్టారు కాబట్టి ఇంకో లెక్క చెబుతాను. సిగ్నల్ దగ్గర మనుషులు దాటడానికి ఎన్ని సెకన్లు ఇవ్వాలో లెక్కించేటప్పుడు మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడని అనుకుంటారు. ఇంగ్లండులోనూ ఇదే అంకె వాడేవారు. అక్కడ 65 దాటిన వాళ్ళ నడక వేగాన్ని పరిశీలించి 2012లో ఒక అధ్యయనం ప్రచురించారు. మగవాళ్ళ సగటు సెకనుకు 0.9 మీటర్లు, ఆడవాళ్ళ సగటు 0.8 మీటర్లు. వాళ్ళలో చాలా ఎక్కువమంది ఆ 1.2ను అందుకోలేనివాళ్ళే. ఇప్పుడు 15 మీటర్ల రోడ్డు తీసుకోండి. కాగితం మీది మనిషి పన్నెండున్నర సెకన్లలో అవతలి గట్టుకు చేరతాడు. సెకనుకు 0.8 మీటర్లు నడిచే ఆవిడ అప్పటికి పది మీటర్లే దాటి ఉంటుంది. బండ్లకు పచ్చదీపం వెలుగుతుంది, ఆవిడ ముందు ఇంకా అయిదు మీటర్ల రోడ్డు మిగిలి ఉంటుంది. వెనక నుంచి హారన్లు మోగుతుంటే ఆవిడ తన వయసును తిట్టుకుంటుంది. నిజానికి తప్పు ఆ 1.2 దగ్గరే ఉంది.

మీ పిల్లల భయాన్ని కూడా కొట్టిపారేయను. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్ళే. ఇది తెలిసిన పిల్లలు తండ్రిని ఇంట్లో కూర్చోమనడం ప్రేమతోనే. అయినా కూర్చోవద్దు మాస్టారూ. ఫోనులో పుస్తకం తెప్పించుకోవచ్చు. కొట్టు ముందు నిలబడి పాత అట్టలు తిరగేస్తుంటే ఎవరో శిష్యుడు ఆగి "మాస్టారూ, బాగున్నారా" అని అడగడం ఫోనులో రాదు. మీ దారి కాస్త మార్చుకోండి. రద్దీ సాయంత్రానికి బదులు, కొట్లు తెరిచి ఇంకా జనం రాని పూట వెళ్ళండి. పోలీసు ఉన్న కూడలి దగ్గరే దాటండి. సగం రోడ్డు దాటి ఆగడానికి వెడల్పైన డివైడర్ ఉన్నచోటును ఎంచుకోండి, అందుకు వంద అడుగులు ఎక్కువ నడవవలసి వచ్చినా సరే.

ప్రశ్న: అరండల్‌పేటలో ఉంటాను. వయసు 67. బీపీకి వేసుకునే మాత్రల్లో మూత్రం ఎక్కువగా పోయేది ఒకటి ఉంది. పట్నం బజారులో పని ఉందంటే ఆ రోజు పొద్దున్నుంచీ మంచినీళ్ళు ముట్టను. మధ్యలో ఎక్కడికి వెళ్ళాలో తెలియదు. కొట్లో అడగాలంటే సిగ్గు. ఇలాంటివి పత్రికకు రాయవచ్చో లేదో కూడా తెలియదు.
— ఒక గృహిణి, గుంటూరు

జవాబు: తప్పకుండా రాయవచ్చమ్మా. ఈసారి ఆడవాళ్ళ దగ్గర నుంచి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఈ మాటే ఉంది, మీరు సూటిగా రాశారు. మిగిలినవాళ్ళు "కొన్ని ఇబ్బందులు" అని ఆపేశారు.

నీళ్ళు మానేయడం మాత్రం వద్దు. ఆ మాత్ర ఒంట్లో నీటిని బయటికి పంపుతుంది, గుంటూరు ఎండ ఇంకొంత లాగేస్తుంది, లోపలికి చుక్క నీరు పోదు. అలాంటప్పుడు కూర్చున్న చోటు నుంచి లేవగానే కళ్ళు తిరుగుతాయి. బజారులో పడిపోయిన చాలామంది "కాలు జారింది" అనుకుంటారు. కొందరి విషయంలో జారింది బీపీ. మీ డాక్టరును ఒక ప్రశ్న అడగండి: "బయటికి వెళ్ళే రోజు ఈ మాత్ర ఏ వేళకు వేసుకోమంటారు?" సొంతంగా మానేయవద్దు, వేళ మార్చవద్దు. అడిగితే ఆయన ఏదో ఒక దారి చెబుతారు.

పెట్రోలు బంకులో మరుగుదొడ్డి, తాగునీరు ఉచితంగా అందుబాటులో ఉంచాలన్నది చమురు కంపెనీలు బంకులకు పెట్టిన నిబంధన. నిరభ్యంతరంగా వెళ్ళి అడగండి. తాళం వేసి ఉంటే తీయమనండి. బట్టలు కొన్న కొట్లోనూ అడగండి. వేల రూపాయల చీరలు కొనే మనిషి ఆ మాట అడగడానికి సిగ్గుపడవలసిన పని లేదు. 2017 ఏప్రిల్‌లో దక్షిణ ఢిల్లీ నగరపాలక సంస్థ తన పరిధిలోని హోటళ్ళ మరుగుదొడ్లను బయటివాళ్ళు కూడా వాడుకునేలా చేసింది. కావాలంటే అయిదు రూపాయల వరకు తీసుకోవచ్చంది. మన పట్టణాల్లో పాలకవర్గం ఒక తీర్మానం చేస్తే ఇది జరిగే పనే.

ఇంకొక్క మాట. ఉన్న మరుగుదొడ్లు కూడా చాలాచోట్ల నాలుగు మెట్ల పైన, నేల మీద కూర్చునే పద్ధతిలో, పట్టుకోవడానికి గోడకు ఒక కడ్డీ కూడా లేకుండా ఉంటాయి. కూర్చున్నవాళ్ళు లేవలేరు. కట్టామని లెక్కలో రాసుకునే ముందు అరవై దాటిన ఆడమనిషిని ఒకరిని తీసుకెళ్ళి చూపించాలని నా కోరిక.

ప్రశ్న: నేను కాకినాడ మెయిన్ రోడ్డులో తోపుడు బండి మీద పళ్ళు అమ్ముతాను. నాకూ 61 ఏళ్ళు. ముసలివాళ్ళు నడవలేకపోతున్నారని పేపర్లో వచ్చిన ప్రతిసారీ మర్నాడు మా బండ్లు తీయించేస్తారు. మీరూ అదే రాస్తారా?
— ఒక పళ్ళ వ్యాపారి, కాకినాడ

జవాబు: రాయను అన్నా. మీ ఉత్తరాన్ని మిగతావాటికంటే ముందు చదివాను.

ఫుట్‌పాత్ మీద జాగాను ఎవరు ఎంత తింటున్నారో పొద్దున ఒక అరగంట నిలబడి చూస్తే తెలిసిపోతుంది. నిలబెట్టిన మోటారు సైకిళ్ళు, కొట్ల వాళ్ళు బయట పేర్చిన సరుకు, జనరేటర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, పాత కరెంటు స్తంభం పక్కనే వేసిన కొత్త స్తంభం. తోపుడు బండికి చక్రాలున్నాయి కాబట్టి అందరికంటే ముందు దాన్నే తోసేస్తారు. బండి కదిలాక ఖాళీ అయిన జాగాలో గంట తిరగకుండానే రెండు బైకులు నిలబడతాయి. పెద్దవాళ్ళకు ఒరిగేది ఏమీ ఉండదు.

ఒక పెద్దావిడ ఉత్తరంలో రాసిన సంగతి మీకు చెప్పాలి. ఎండకు నీరసం వచ్చినప్పుడు ఆవిడకు స్టూలు వేసి కూర్చోబెట్టింది నిమ్మకాయల బండి మనిషి. ఆవిడ మెట్ల మీద కూర్చుంటే పెద్ద కొట్లవాళ్ళు లేవమన్నారు. బండ్లు లేని వీధి సాయంత్రం ఏడు దాటాక పెద్దవాళ్ళకు భయం పుట్టిస్తుంది. మీ దీపం ఉన్నచోట మనిషి ఉన్నాడన్న ధైర్యం ఉంటుంది.

మీకు రక్షణగా 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. ప్రతి పట్టణంలోనూ వీధి వ్యాపారాల సంగతి చూసే వెండింగ్ కమిటీ ఉండాలి, అందులో కనీసం 40 శాతం సభ్యులు మీ వ్యాపారులే ఉండాలి, ఆ 40 శాతంలో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి. సర్వే చేసి గుర్తింపు పత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదని ఆ చట్టమే చెబుతోంది. ఆ కమిటీలో కూర్చునే మీవాళ్ళకు నా విన్నపం ఒక్కటే. బండికీ కొట్టు గోడకూ మధ్య ఇద్దరు మనుషులు పక్కపక్కన నడిచే జాగా వదిలేలా మీలో మీరే ఒక గీత గీసుకోండి. ఆ గీతను మీరు నిలబెడితే పెద్దవాళ్ళ ఉత్తరాలు మీ తరఫునే వస్తాయి.

ప్రశ్న: కర్ర పట్టుకోమన్నారు. ఏ చేతిలో పట్టుకోవాలి? కుడి మోకాలు నొప్పి.
— ఒక రైతు, తెనాలి

జవాబు: ఎడమ చేతిలో. నొప్పి ఉన్న కాలికి అవతలి చేతిలో పట్టుకుని, ఆ కాలితోపాటు కర్రను ముందుకు వేయాలి. నిటారుగా నిలబడి చేయి వదిలేస్తే కర్ర పిడి మణికట్టు ఎత్తుకు రావాలి. అడుగున రబ్బరు తొడుగు అరిగిందేమో చూసుకోండి, అరిగితే తడి టైల్స్ మీద జారుతుంది. చెప్పులకు మడమ వెనక పట్టీ ఉండాలి.

ప్రశ్న: మా అత్తయ్యకు 70 ఏళ్ళు. ఆరు నెలల క్రితం ట్రంకు రోడ్డు దగ్గర ఒక కొట్టు మెట్టు దిగుతూ పడింది. దెబ్బ చిన్నదే. అప్పటి నుంచి వీధి చివరి గుడికి కూడా రానంటోంది. బలవంతం చేయాలా, వదిలేయాలా?
— ఒక కోడలు, నెల్లూరు

జవాబు: మీరు ఇంత ఆలోచించి అడిగినందుకు ముందుగా సంతోషం. పడిన దెబ్బ కంటే పడతామన్న భయం ఎక్కువ రోజులు ఉంటుంది, ఎక్కువ చెడుపు చేస్తుంది. నడక మానేస్తే తొడల్లో బలం తగ్గుతుంది, బలం తగ్గిన మనిషి మళ్ళీ పడే అవకాశం పెరుగుతుంది. అందుకని వదిలేయవద్దు. బలవంతమూ వద్దు, భయం ఇంకా గట్టిపడుతుంది.

ఆవిడ మెట్టు దిగుతూ పడిందని రాశారు. ఆవిడవి పైన దూరానికి, కింద దగ్గరికి చూసే కళ్ళజోడు కాదు కదా? అవి చదవడానికి బాగుంటాయి. కాలి కిందికి చూసినప్పుడు మాత్రం దగ్గరి చూపు అద్దంలోంచి చూడవలసి వస్తుంది, మెట్టు అంచు మసకగా కనబడుతుంది, లోతు తెలియదు. ఒకే రంగు గ్రానైటు పరిచిన మెట్లయితే మామూలు కంటికే అంచు కనబడదు. బయట నడవడానికి దూరపు చూపు అద్దాలు మాత్రమే ఉన్న జోడు వేరే చేయించవచ్చేమో కంటి డాక్టరును అడగండి. శుక్లాలు ఉన్నాయేమో కూడా చూపించండి. వేసుకునే మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకెళ్ళి డాక్టరుకు చూపిస్తే, మత్తు కలిగించేవి, తల తిరిగేలా చేసేవి ఏమైనా ఉంటే చెబుతారు.

ఆ తరువాత గుడి దాకా వద్దు, మూడో ఇంటి దాకా వెళ్ళి రండి. మీరు ఆవిడ చేయి పట్టుకోవద్దు, ఆవిడను మీ మోచేయి పట్టుకోనివ్వండి. మనం పట్టుకుంటే మన వేగానికి లాగుతాం. ఆవిడ పట్టుకుంటే ఆవిడ వేగంలోనే సాగుతారు. బండ్లు వచ్చే వైపు మీరుండండి. ఏదైనా చెప్పాలనిపిస్తే ఆగి చెప్పండి. నడుస్తూ మొహంలోకి చూసి మాట్లాడితే ఆవిడ కళ్ళు నేల మీద నుంచి పైకి లేస్తాయి. దారిలో కూర్చునే అరుగు ఒకటి ఎక్కడుందో ముందే చూసి పెట్టుకోండి. అరుగు ఉందని తెలిస్తే చాలు, చాలాసార్లు కూర్చోకుండానే దాటేస్తారు.

మన పాత ఇళ్ళకు వీధి అరుగులుండేవి. ఎవరివో అడగకుండా దారినపోయే మనిషి కూర్చునేవాడు. వాటిని కొట్టేసి షట్టర్లు పెట్టుకున్నాం. వాటి బదులుగా మున్సిపాలిటీ రెండు వందల అడుగులకు ఒక బల్ల వేయవచ్చు, అదీ వెనక ఆనుకునేందుకు, లేచేటప్పుడు చేతులు ఊనుకునేందుకు వీలున్న బల్ల.

ప్రశ్న: హనుమకొండ చౌరస్తాలో రోడ్డు దాటడానికి నాకు ప్రాణం మీదికి వస్తుంది. పోయిన ఏడాది సింగపూర్‌లో మా అమ్మాయి దగ్గర ఉన్నప్పుడు ఒక్కదాన్నే కూరగాయలకు వెళ్ళి వచ్చేదాన్ని. తేడా నా వయసులో లేదు కదా?
— ఒక రిటైర్డ్ నర్సు, హనుమకొండ

జవాబు: లేదు. సింగపూర్‌లో 2009లో మొదలుపెట్టిన ఏర్పాటు ఒకటుంది. సిగ్నల్ స్తంభం దగ్గర పెద్దవాళ్ళు తమ కార్డు తాకిస్తే పచ్చదీపం మూడు నుంచి పదమూడు సెకన్ల దాకా ఎక్కువసేపు వెలుగుతుంది. రోడ్డు వెడల్పును బట్టి ఆ సెకన్లు మారతాయి. పైన మాస్టారికి చెప్పిన లెక్క చూడండి, అక్కడ తక్కువ పడింది ఆరేడు సెకన్లే. అంటే వాళ్ళు చేసిన పని మరీ పెద్దదేమీ కాదు, తక్కువ పడినంత ఇచ్చారు. మన దగ్గర కార్డులూ యంత్రాలూ వచ్చేదాకా ఆగనక్కరలేదు. ఉన్న సిగ్నల్‌లోనే పాదచారుల సెకన్లు పెంచవచ్చు. మీ పేటలో పదిమంది పెద్దవాళ్ళు కలిసి సంతకాలు పెట్టి ట్రాఫిక్ పోలీసులకు ఒకటి, సోమవారం కలెక్టరేట్లో జరిగే ప్రజావాణిలో ఒకటి ఇవ్వండి. "ఇబ్బందిగా ఉంది" అని రాయవద్దు. "ఈ కూడలిలో ఇన్ని సెకన్లు ఇస్తున్నారు, మాకు ఇన్ని కావాలి" అని రాయండి.

ప్రశ్న: సివిల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మా తాతయ్య కోసం మా ఊరి మెయిన్ బజారు గురించి ఏదైనా చేయాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక విద్యార్థి, ఏలూరు

జవాబు: తాతయ్యతోనే మొదలుపెట్టు బాబూ. ఆయనను బజారుకు తీసుకెళ్ళు, నువ్వు రెండడుగులు వెనక నడువు. ఆయన ఎక్కడ ఆగారు, ఎక్కడ గోడ పట్టుకున్నారు, ఎక్కడ రోడ్డు మీదికి దిగారు, ఎక్కడ కూర్చోవాలని చూసి చోటు లేక ముందుకు సాగారు, అన్నీ రాసుకో. ఎందుకు ఆగారని అప్పుడే అడగవద్దు, ఇంటికొచ్చి కాఫీ తాగుతూ అడుగు. మర్నాడు టేపు పట్టుకుని ఒక్కడివే వెళ్ళు. ఆయన ఆగిన ప్రతిచోటా ఎత్తు, వెడల్పు కొలిచి, ఫోటో తీసి, పైన చెప్పిన 1.8 మీటర్లు, 15 సెంటీమీటర్ల పక్కన రాయి. సిగ్నల్ ఉంటే సెకన్లు లెక్కపెట్టు. మధ్యాహ్నం ఒకసారి, దీపాలు పెట్టాక ఒకసారి వెళ్ళి చూడు. నీడ, వెలుతురు రెండూ అప్పుడే తెలుస్తాయి.

2025 మే నెలలో సుప్రీంకోర్టు ఒక మాట స్పష్టంగా చెప్పింది. అడ్డంకులు లేని, వికలాంగులకూ అనువైన ఫుట్‌పాత్ పొందడం రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనని. నీ అర్జీలో మొదటి వాక్యంగా అది రాయి. కింద నీ కొలతల పట్టిక పెట్టు. అన్నీ ఒకేసారి అడగవద్దు. లేచిన పలకలు సరిచేయడం, ఒక మలుపు దగ్గర దిగుడు తగ్గించడం, రెండు బల్లలు, ఇవి చిన్న పనులు, తక్కువ ఖర్చుతో పూర్తవుతాయి. సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో తాతయ్యతోనే ఇప్పించు, రసీదు తీసుకో. కదలిక లేకపోతే, ఆ అర్జీ మీద ఏం చర్య తీసుకున్నారని 2005 సమాచార హక్కు చట్టం కింద అడుగు, 30 రోజుల్లో జవాబు చెప్పాలి. తాతయ్యకు వేరే ఏ ఇబ్బంది వచ్చినా పెద్దల సహాయ నంబరు 14567 ఉంది, ఆయన ఫోనులో వేసిపెట్టు.

నీ కొలతల పట్టిక నాకూ ఒకటి పంపు. ఏలూరుదే కాదు, ఎవరు ఏ ఊరి బజారు కొలిచి పంపినా వీధి పేరుతో సహా ఈ శీర్షికలో వేస్తాను.